ఉప్పునీటి రీళ్లు: తక్కువ ధరలో ఏది నిలబడుతుంది, ఏది నిలబడదు

సముద్రంలో గాలంతో చేపలు పట్టేవారి రాడ్డుకు బిగించి దారం చుట్టే రీళ్ల గురించి ముందు తీర్పు, తర్వాత కారణాలు. ఒడ్డు నుంచో చిన్న పడవ నుంచో విసిరి లాక్కునే స్పిన్నింగ్‌కు పెన్ కంపెనీ బ్యాటిల్ 3 గానీ దైవా కంపెనీ బీజీ గానీ చాలు. పడవ వెనక ఎర ఈడ్చుకుంటూ పోయే ట్రోలింగ్‌కు షిమానో టీఎల్‌డీ 25 గానీ పెన్ స్క్వాల్ లివర్ డ్రాగ్ గానీ చాలు. వీటికన్నా చవకైనవి బోలెడు దొరుకుతాయి, కానీ సముద్రంలో వాటిలో చాలావాటిని నమ్మలేం. వీటికన్నా బాగా ఖరీదైనవీ ఉన్నాయి. వాటికి పెట్టే అదనపు డబ్బు కొందరికే అక్కరకొస్తుంది.

ఈ నాలుగింటినీ ఎంచుకోవడానికి మేం చూసినవి మూడే. డ్రాగ్, అంటే చేప లాగినప్పుడు దారాన్ని జారనిచ్చే బ్రేకు, కుదుపు లేకుండా జారుతుందా? బరువు పడినప్పుడు బాడీ వంగకుండా గేర్లను సరిగా పట్టి ఉంచుతుందా? మామూలు స్క్రూడ్రైవరుతో విప్పి, శుభ్రం చేసి, పాడైన ముక్క మార్చుకోగలమా? తక్కువ ధర రీలుకు మూడోదే ఆయువుపట్టు. నీళ్లను ఆపే రబ్బరు సీలు ఎంత మంచిదైనా ఉప్పు ఎప్పుడో ఒకప్పుడు లోపలికి చేరుతుంది. అప్పుడు విప్పలేని రీలును పారేయాలి, విప్పగలిగే రీలు ఇంకో పదేళ్లు పనిచేస్తుంది.

డబ్బా మీది అంకెలు

డబ్బా మీద అన్నిటికన్నా పెద్దగా కనిపించేది బేరింగుల సంఖ్య. మిగతావన్నీ చూశాక చూడాల్సిందీ అదే. పన్నెండు చవక బేరింగుల కన్నా అయిదు మంచి స్టెయిన్‌లెస్ బేరింగులు మేలు, ఎందుకంటే ప్రతి బేరింగూ తుప్పు పట్టడానికి ఇంకో చోటు. బ్యాటిల్ 3లో 5+1 బేరింగులుంటాయి, బీజీలో 6+1. చివరి ‘1’ అంటే హ్యాండిల్ వెనక్కి తిరక్కుండా ఆపే రోలర్ క్లచ్. ‘15 బేరింగులు’ అని గొప్పగా రాసి ఉన్న చవక రీలులో లైన్ రోలర్ (దారం ఆనుకుని తిరిగే చిన్న చక్రం) కింద బేరింగే లేకుండా ప్లాస్టిక్ బుష్ ఉందేమో చూడండి. బేరింగు నిజంగా కావలసింది అక్కడ.

రెండోది గరిష్ఠ డ్రాగ్. బ్యాటిల్ 3లో 4000 సైజుకు 15 పౌండ్లు, 5000, 6000 సైజులకు 25, 8000కు 30 అని కంపెనీ చెబుతుంది. బీజీలో 4000కు 8 కిలోలు, 5000కు 10, 8000కు 15. అంటే పౌండ్లలో దాదాపు 17.6, 22, 33. చేతిలో రాడ్డు పట్టుకుని నిలబడ్డ మనిషి 10 కిలోల డ్రాగ్‌తో అయిదు నిమిషాలు లాగి చూస్తే ఈ అంకెల మీద మోజు పోతుంది. రాడ్డు చేత పట్టి చేపతో పోరాడేటప్పుడు మామూలుగా వాడేది 3 నుంచి 6 కిలోలు. గరిష్ఠ డ్రాగ్ ఎక్కువున్న రీలు కొనడంలో అర్థం ఒక్కటే: మీకు కావలసిన 5 కిలోలు దాని సామర్థ్యంలో సగంలోపు ఉంటే, డ్రాగ్ వేడెక్కకుండా నిలకడగా పనిచేస్తుంది.

మూడోది గేర్ నిష్పత్తి, అంటే హ్యాండిల్ ఒక్కసారి తిప్పితే దారం ఎన్ని చుట్లు చుట్టుకుంటుందో చెప్పే అంకె. అది ఒంటరిగా ఏమీ చెప్పదు, దారం చుట్టుకునే స్పూల్ వ్యాసంతో కలిపి చూడాలి. దారం చుట్టిన స్పూల్ వ్యాసం 55 మిల్లీమీటర్లు, గేర్ 5.6:1 అనుకుంటే హ్యాండిల్ ఒక్క చుట్టుకు 55 × 3.14 × 5.6, అంటే దాదాపు 97 సెంటీమీటర్ల దారం వెనక్కి వస్తుంది. చేప పరుగెత్తి స్పూల్ 40 మిల్లీమీటర్లకు తగ్గిందంటే అదే చుట్టుకు 70 సెంటీమీటర్లే. నిండు స్పూల్ ఎందుకు ముఖ్యమో ఇక్కడే తెలుస్తుంది. వేగంగా లాగాల్సిన జిగ్గులకు (బరువైన లోహపు ఎరలు), నీటి మీద తేలే పాపర్లకు ఎక్కువ నిష్పత్తి బాగుంటుంది. బరువును పైకి తోడాల్సిన పనికి తక్కువ నిష్పత్తి కావాలి. 6.2:1 రీలుతో లోతు నుంచి పెద్ద చేపను ఎత్తబోతే హ్యాండిల్ తిరగనని మొరాయిస్తుంది.

సైజు అంకెలను కంపెనీకీ కంపెనీకీ మధ్య పోల్చకండి. ఒకరి 5000, ఇంకొకరి 5000 ఒకటి కావు. ఎంత మందం దారం ఎన్ని మీటర్లు పడుతుందో చూసి పోల్చుకోండి.

డ్రాగ్ గురించి కాస్త వివరంగా

రీలుకు గుండెకాయ డ్రాగే. చేప లాగినప్పుడు దారం తెగకుండా, కొలిచిన బలంతో జారనివ్వడం దాని పని. మంచి డ్రాగ్‌కూ చెడ్డ డ్రాగ్‌కూ తేడా జారడం మొదలయ్యే ఆ క్షణంలో తెలుస్తుంది. 4 కిలోలకు పెట్టిన డ్రాగ్ కదలడానికి 6 కిలోల కుదుపు అడిగి, తర్వాత 4కు పడిపోతే, సన్న దారం ఆ మొదటి కుదుపులోనే తెగుతుంది. చేప పెద్దదని అనుకుంటాం, అసలు కారణం వాషరు.

చవక రీళ్లలో డ్రాగ్ వాషర్లు ఫెల్ట్‌వి ఉంటాయి. తేలిక చేపలకు అవి మెత్తగానే పనిచేస్తాయి, కానీ పొడవాటి పరుగులో వేడెక్కి కాలుతాయి, నలిగిపోతాయి. ఉప్పునీటికి కార్బన్ ఫైబర్ వాషర్లు కావాలి. పెన్ తన వాటిని హెచ్‌టీ-100 అంటుంది, దైవా బీజీలో ఏటీడీ అనే పేరుతో కార్బన్ డ్రాగ్ ఉంటుంది. కార్బన్ వాషర్లకు డ్రాగ్ కోసమే తయారైన గ్రీజును పలచని పొరగా రాసి, మిగిలింది తుడిచేయాలి. మామూలు గ్రీజో నూనె స్ప్రేయో పడితే డ్రాగ్ ఒకసారి జారి, ఒకసారి పట్టేస్తుంది.

ఇంకో లెక్క చాలామంది పట్టించుకోరు. స్పూల్ మీద దారం తగ్గేకొద్దీ డ్రాగ్ దానంతటదే పెరుగుతుంది. నిండు స్పూల్ 70 మిల్లీమీటర్లు ఉన్నప్పుడు 4.5 కిలోలకు పెట్టారనుకోండి. దారం పోయి వ్యాసం 50కి తగ్గితే అదే సెట్టింగు 6.3 కిలోలు అవుతుంది. దీనికి తోడు నీళ్లలో ఉన్న వందల మీటర్ల దారాన్ని ఈడ్చే బరువు, రాడ్డు గైడుల (దారం దూరే వలయాలు) రాపిడి. పెద్ద చేప ఇంకా పరుగెడుతున్నప్పుడు డ్రాగ్ బిగించే చెయ్యి దారాన్ని తెంపేది ఇందుకే. స్పూల్ సగం ఖాళీ అయితే డ్రాగ్ కాస్త వదలాలి. ఇది చదివితే ఒప్పుకుంటాం, చేప పరుగులో ఉండగా చెయ్యి మాత్రం బిగింపు వైపే పోతుంది.

స్పిన్నింగ్: నాలుగు మెట్లు

మొదటి మెట్టు, ప్లాస్టిక్ లేదా గ్రాఫైట్ బాడీతో వచ్చే ‘ఉప్పునీటికి పనికొస్తుంది’ రీళ్లు. ఉప్పునీటికి పనికొస్తుందంటే చాలాసార్లు బేరింగుల మీద మూత ఉందని మాత్రమే అర్థం. బరువు పడినప్పుడు గ్రాఫైట్ బాడీ వంగుతుంది, పెద్ద గేరూ దానితో కలిసి తిరిగే పినియనూ (చిన్న గేరు) వరస తప్పుతాయి, పళ్లు అంచుల మీదే ఆని అరిగిపోతాయి. హ్యాండిల్ తిప్పుతుంటే ఇసుక నలిగినట్టు శబ్దం మొదలైతే పళ్లు పోయినట్టే. సముద్రపు పాయల్లో, చిన్న చేపలకు, వాడి పారేయడానికి ఇవి సరే. ట్రెవల్లీ, వంజరం కోసం మాత్రం వద్దు.

రెండో మెట్టు మా అభిప్రాయంలో అసలు సరుకు. బ్యాటిల్ 3 నిండా లోహపు బాడీ, హెచ్‌టీ-100 వాషర్లు, యంత్రంతో కోసిన గేర్లు. స్పూల్ మీద బ్రెయిడ్ (పోగులు అల్లిన దారం) జారకుండా రబ్బరు పట్టీ ఉంటుంది, అందువల్ల అడుగున నైలాన్ చుట్టకుండానే బ్రెయిడ్ నేరుగా చుట్టొచ్చు. స్పూల్ లోపల గీసిన గీతలు దారం ఎంత మిగిలిందో చూపిస్తాయి, ఇది చిన్న సౌకర్యమే అయినా పరుగులో ఉపయోగపడుతుంది. లోపం: బరువు. రోజంతా ఎర విసురుతూ ఉండేవారికి మణికట్టు చెబుతుంది. బ్యాటిల్‌లో నీటి అడ్డు కూడా పేరుకే.

బీజీ చేతికి ఇంకాస్త మెత్తగా ఆడుతుంది. అల్యూమినియం బాడీ, పెద్ద గేరు, స్క్రూలా బిగిసే హ్యాండిల్. అక్షం గుండా పిన్ను దూర్చే చవక హ్యాండిళ్లలా ఇది ఊగదు. దీనికీ పెద్దగా సీళ్లు లేవు. 5000 సైజులో రెండు రీళ్లూ అర కిలో దాటతాయి. ఎప్పుడూ విసురుతూ ఉండే పని అయితే బీజీ, డ్రాగ్ మీద ఎక్కువ భారం పడే చేపలైతే బ్యాటిల్. రెండిట్లో ఏది కొన్నా తప్పు కాదు. కొత్త తరం వచ్చినప్పుడు పాత తరం ధర తగ్గుతుంది. అదే కొనడానికి మంచి అదను, ఎందుకంటే ఈ ధరలో ఒక తరానికీ మరో తరానికీ తేడా రంగులో, చిన్న మార్పుల్లోనే ఎక్కువ.

మూడో మెట్టు సీలున్న రీళ్లు. పెన్ స్పిన్‌ఫిషర్ 6 ఐపీఎక్స్5, స్లామర్ 4 ఐపీఎక్స్6, షిమానో స్ఫెరోస్ ఎస్‌డబ్ల్యూ కూడా నీటిని అడ్డుకునే ఏర్పాట్లతో ఈ వరసలోకే వస్తుంది. ఐపీఎక్స్5 అంటే నిమిషానికి 12.5 లీటర్ల నీటి ధారను అన్నివైపుల నుంచీ తట్టుకోవడం, ఐపీఎక్స్6 అంటే నిమిషానికి 100 లీటర్లు. ఈ రెండూ ధారకు సంబంధించిన పరీక్షలే, ముంచడానికి సంబంధించినవి కావు. ముంచే పరీక్ష ఐపీఎక్స్7: మీటరు లోతులో 30 నిమిషాలు. పైగా పరీక్ష కొత్త రీలు మీద, మంచినీటితో జరుగుతుంది. సీలు రబ్బరు అరిగాక ఆ అంకె రీలుకు వర్తించదు.

మరి సీలు ఎవరికి కావాలి? అలల్లో నడుము లోతున నిలబడి విసిరేవారికి, కాయక్ మీద వెళ్లేవారికి, రాళ్ల మీద అలల తుంపర నిత్యం పడేచోట ఉండేవారికి. వాళ్లకు స్పిన్‌ఫిషర్ పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తుంది. ఎత్తైన పడవలో పొడిగా నిలబడి, సాయంత్రం రీలు కడిగి తుడిచేవారికి సీలు కన్నా విప్పడం సులువైన బ్యాటిలే మంచిది. సీళ్లున్న రీలును విప్పి మళ్లీ బిగించేటప్పుడు ఒక్క సన్న రబ్బరు వలయం మెలిపడినా సీలు లేనట్టే, పైగా ఉప్పునీరు లోపలికి చేరితే బయటికి రానివ్వదు కూడా.

నాలుగో మెట్టు షిమానో సరగోసా, అంతకు పైవి. భారీ ట్రెవల్లీ, టూనాల మీద పాపర్లు విసిరేవాళ్లకు అవి అవసరం. మిగతావాళ్లు ఆ తేడా డబ్బుతో మంచి బ్రెయిడ్, మంచి స్వివెళ్లు (దారం మెలిపడకుండా తిరిగే కొక్కేలు), ఇంకో స్పూల్ కొనుక్కోవచ్చు.

స్పిన్నింగ్ రీలుతో ట్రోలింగ్ చేయొచ్చా? తేలిక ఎరలతో, చిన్న చేపలకు చేయొచ్చు. కానీ డ్రాగ్ జారుతుండగా హ్యాండిల్ తిప్పకూడదు. 5.6:1 రీలులో దారం లోపలికి రాకుండా హ్యాండిల్ పది చుట్లు తిప్పితే దారంలో 56 మెలికలు పడతాయి. తర్వాత రోజు విసిరిన ఎర దగ్గర ఉండలు చుట్టుకున్న బ్రెయిడ్ కనిపిస్తే, దానికి కారణం దారం కాదు, ముందు రోజు తిప్పుడే.

ట్రోలింగ్: లివర్‌దే పైచేయి

ట్రోలింగ్ రీలు చేసే పని వేరు. గంటలకొద్దీ రాడ్డు హోల్డర్లో నిలబడి, 6 నుంచి 9 నాట్ల వేగంలో ఎర లాగుతూ, చేప కొట్టిన మొదటి క్షణంలో దానంతటదే దారం ఇవ్వాలి. వాహూ అనే చేప కోసమైతే 12 నాట్లు దాటిన వేగాలు కూడా వాడతారు. ఈ పనిలో విసరడం లేదు కాబట్టి బరువు పెద్ద సమస్య కాదు. స్పూల్ సామర్థ్యం, డ్రాగ్ నిలకడ రెండే చూడాలి.

లివర్ డ్రాగ్‌లో లివరును ఒక్కో గుర్తుకు నెడితే ఒక్కో డ్రాగ్ వస్తుంది. ఫ్రీ (స్పూల్ స్వేచ్ఛగా తిరిగేది), స్ట్రైక్ (చేప కొట్టేటప్పుడు ఉంచేది), ఫుల్ (పూర్తి బిగింపు) అని మూడు స్థానాలు. ముందు పెట్టుకున్న డ్రాగ్‌కు చేప పడ్డాక కూడా ఖచ్చితంగా తిరిగి రావొచ్చు. స్టార్ డ్రాగ్‌లో హ్యాండిల్ కింద నక్షత్రం లాంటి చక్రాన్ని తిప్పి బిగిస్తాం. అది చవక, తేలిక, బాగుచేయడం సులువు, కానీ పెట్టిన డ్రాగ్‌కు సరిగ్గా తిరిగి రావడం అంచనా మీద ఆధారపడుతుంది. వంజరం, చిన్న టూనాలకు స్టార్ చాలు. సెయిల్‌ఫిష్, పెద్ద టూనా వచ్చే అవకాశం ఉంటే లివరే.

టీఎల్‌డీ వరస దశాబ్దాలుగా అమ్ముడవుతోంది, అద్దె పడవల మీద కూడా కనిపిస్తుంది. గ్రాఫైట్ ఫ్రేము, అల్యూమినియం స్పూల్, ఒకే వేగం. 25లో గేరు 3.6:1, బరువు కిలోలోపే. విప్పడం తేలిక. దీని పరిమితి ఫ్రేములోనే ఉంది. భారీ బ్రెయిడ్ చుట్టి, డ్రాగ్ బిగించి పెద్ద చేపలతో పెనుగులాడితే గ్రాఫైట్ వంగుతుంది. 20, 30 పౌండ్లకు తెగే నైలాన్‌తో వాడేవారికి ఆ సమస్య రాదు. ఈ రీలు 50 పౌండ్ల పనికి తయారైంది కాదు, ఆ పని దానితో చేయించకండి.

స్క్వాల్ లివర్ డ్రాగ్ కూడా గ్రాఫైట్ ఫ్రేమే, స్పూల్ ఫోర్జ్ చేసిన అల్యూమినియం. దీని డ్యూరా-డ్రాగ్ వాషర్లు జారడం మొదలయ్యేటప్పుడు తడబడవు, టీఎల్‌డీకి పక్కన పెట్టి కొలిస్తే ఇదే దీని బలం. ఇదే కంపెనీ ఫాథమ్ వరస లోహపు ఫ్రేముతో వస్తుంది. బ్రెయిడ్‌తో, ఎక్కువ డ్రాగ్‌తో వాడే ఆలోచన ఉంటే స్క్వాల్ వదిలి ఫాథమ్ వరకు వెళ్లడం మంచిది.

సెనేటర్ గురించి మాట్లాడకపోతే అన్యాయం. 1932లో ఫిలడెల్ఫియాలో మొదలైన పెన్ కంపెనీ పేరు నిలబెట్టిన స్టార్ డ్రాగ్ రీళ్లలో ఇదొకటి. 113హెచ్ అంటే 4/0 సైజు, 114హెచ్ అంటే 6/0 సైజు. బరువు ఎక్కువ, వేగం తక్కువ, చూడ్డానికి తాతల కాలం సామాను. కానీ ఏ భాగం కావాలన్నా దొరుకుతుంది, లోపలి అమరికలో దాచిందేమీ లేదు. సెకండ్‌హ్యాండ్‌లో బాగున్న సెనేటర్ దొరికి, కొత్త కార్బన్ వాషర్లు వేస్తే, అదే ధరకు వచ్చే కొత్త పేరులేని రీలు దాని దరిదాపులకు కూడా రాదు.

రెండు వేగాల రీలు అవసరమా? చేప లోతుకు పోయి అక్కడే నిలబడితే తక్కువ గేరు దాన్ని తోడడానికి పనికొస్తుంది. పెద్ద టూనా వేటలో అది అలంకారం కాదు. 10 కిలోల లోపు చేపలకు ఒక వేగమే చాలు, రెండో వేగం అంటే లోపల ఇంకొన్ని భాగాలు, ఇంకొంత ఖర్చు.

లెవల్‌వైండ్, అంటే దారాన్ని ఇటూ అటూ సమంగా పరిచే ఏర్పాటు, కొత్తవారికి సుఖంగా ఉంటుంది. ఉప్పునీటిలో అన్నిటికన్నా ముందు చచ్చేదీ అదే. దారం మోసే ఆ చిన్న కడ్డీ మరలో ఉప్పు చేరి బిగుసుకుంటుంది, లోపలి చిన్న కొండి అరుగుతుంది. బొటనవేలితో దారాన్ని పరుచుకోవడం ఒక పూటలో వస్తుంది. నిర్ణీత లోతులో ఎర లాగేవారికి లైన్ కౌంటర్ ఉన్న లెవల్‌వైండ్ రీళ్లు, దైవా సీలైన్ లాంటివి, పనికొస్తాయి. ఆ కౌంటర్ కొలిచేది దారం పొడవును కాదు, స్పూల్ చుట్లను. స్పూల్ నిండా దారం లేకపోతే కౌంటర్ చూపేది నిజం కాదు.

దారం చుట్టడం, డ్రాగ్ పెట్టడం

మంచి రీలు కొని దారం తప్పుగా చుట్టడం మామూలు తప్పు. స్పిన్నింగ్ స్పూల్‌ను అంచుకు 2, 3 మిల్లీమీటర్లు తక్కువగా నింపాలి. ఎక్కువైతే ఉచ్చులు, తక్కువైతే దూరం రాదు. 0.45 మిల్లీమీటర్ల నైలాన్ 20 పౌండ్లు అయితే, 30 పౌండ్ల బ్రెయిడ్ దాదాపు 0.28 మిల్లీమీటర్లే. అదే స్పూల్ మీద నైలాన్ పట్టే మీటర్లకు రెండున్నర రెట్లు బ్రెయిడ్ పడుతుంది. స్పూల్‌కు రబ్బరు పట్టీ లేకపోతే అడుగున కొంచెం నైలాన్ చుట్టి దాని మీద బ్రెయిడ్ వేయాలి. లేదంటే మొత్తం బ్రెయిడ్ స్పూల్ మీదే గుండ్రంగా తిరిగిపోతుంది, డ్రాగ్ చెడిపోయిందని రీలును విప్పేస్తాం. బ్రెయిడ్‌ను తడి గుడ్డలో పట్టి బిగువుగా చుట్టండి. వదులుగా చుట్టితే పెద్ద చేప లాగినప్పుడు పైవరస కింది వరసల్లోకి కోసుకుపోయి ఇరుక్కుంటుంది.

ట్రోలింగ్‌కు నైలాన్‌దే మా ఓటు. అది సాగుతుంది కాబట్టి 8 నాట్ల వేగంలో చేప కొట్టిన దెబ్బను కొంత తాగేస్తుంది, గాలం నోటిని చీల్చదు.

డ్రాగ్‌ను వేళ్లతో లాగి అంచనా వేయకండి, స్ప్రింగ్ త్రాసు వాడండి. రీలును రాడ్డుకు బిగించి, దారాన్ని గైడుల గుండా తీసి త్రాసుకు కట్టి, ఎప్పుడూ పట్టే కోణంలో రాడ్డు నిలిపి, త్రాసును నెమ్మదిగా లాగాలి. దారం జారుతున్నప్పుడు త్రాసు చూపేదే మీ డ్రాగ్. కదలక ముందు ఒక్కసారి పైకి పోయిన అంకెను కూడా గమనించండి. రెండిటికీ తేడా ఎంత తక్కువైతే డ్రాగ్ అంత మంచిది. స్ట్రైక్ డ్రాగ్ దారం తెగే బలంలో 25 నుంచి 33 శాతం ఉండాలి. 30 పౌండ్ల దారం, అంటే 13.6 కిలోలు, దానికి 3.4 నుంచి 4.5 కిలోలు. లివర్ రీలులో ప్రీసెట్ బటన్‌ను (లివరు స్థానాల్లో ఎంత డ్రాగ్ రావాలో ముందే పెట్టేది) లివరు ఫ్రీలో ఉన్నప్పుడే తిప్పాలి. తిప్పాక లివరు ఫ్రీకి తెచ్చి స్పూల్‌ను చేత్తో తిప్పి చూడండి. స్వేచ్ఛగా తిరగకపోతే ప్రీసెట్ ఎక్కువైంది, ఆ రీలు సామర్థ్యానికి మించి అడుగుతున్నారు. అలాగే ఉంచితే స్పూల్ బేరింగులపై పక్క నుంచి బరువు పడి పాడవుతాయి.

ఏవి పాడవుతాయి, ఎందుకు

స్పిన్నింగ్ రీలులో ముందు లైన్ రోలర్. అది తిరగడం ఆగితే దారం ఒకే చోట రాసుకుంటూ గాడి కోస్తుంది, ఆ గాడి మళ్లీ దారాన్ని కోస్తుంది. బ్రెయిడ్ నూగు లేస్తుంటే రోలర్‌ను వేలితో తిప్పి చూడండి. నెలకొకసారి దానికి ఒక చుక్క నూనె.

తర్వాత రోలర్ క్లచ్. హ్యాండిల్ ఉన్నట్టుండి కొంచెం వెనక్కి జారుతుంటే క్లచ్‌లో గ్రీజు నిండిపోయిందని అర్థం. సన్న రోలర్లను నెట్టే చిన్న స్ప్రింగులు గ్రీజులో కదలలేవు. విప్పి, కడిగి, పలచని నూనె చుక్క వేయాలి. ‘గ్రీజు ఎంతైనా మంచిదే’ అనే వాళ్ల చేతుల్లో ఎక్కువ రీళ్లు చచ్చేది ఇక్కడే.

అల్యూమినియం బాడీలో స్టెయిన్‌లెస్ స్క్రూలు ఉంటాయి, ఉప్పునీరు వాటి మధ్య చేరితే అల్యూమినియమే తినుకుపోతుంది, స్క్రూ బిగుసుకుపోతుంది. రీలు కొత్తగా ఉండగానే ఒక్కో స్క్రూ విప్పి దాని మరలకు కొంచెం మెరైన్ గ్రీజు రాసి బిగించండి. రాడ్డుకు తగులుకునే రీలు పాదం దగ్గర పెయింటు బుడగలు లేస్తే ఇదే జబ్బు.

ఉప్పు ఆరిపోతే ఇక ఏమీ చేయదని అనుకోవద్దు. గాలిలో తేమ 75 శాతం దాటితే ఆరిన ఉప్పు మళ్లీ తడుస్తుంది. అందుకే రీలును సంచిలో కాకుండా గాలి తగిలేచోట ఉంచాలి.

కడిగేటప్పుడు ముందు డ్రాగ్ బిగించండి, నీళ్లు వాషర్ల దాకా పోకుండా ఉంటాయి. సన్నని మంచినీటి జల్లు చాలు. ధాటైన పైపు ధార ఉప్పును లోపలికే నెడుతుంది. బకెట్‌లో ముంచకండి. తుడిచి, ఆరబెట్టాక డ్రాగ్ పూర్తిగా వదలండి, లేకపోతే వాషర్లు నొక్కుకుపోయి మళ్లీ మెత్తగా జారవు. లివర్ రీలైతే ఫ్రీలో ఉంచండి. తుప్పు పోగొట్టే స్ప్రేలు గ్రీజును కరిగించేస్తాయి, బాడీ పైకి తప్ప వాటిని వాడొద్దు.

కొనేముందు చేత్తో చూడాల్సినవి

స్పిన్నింగ్ రీలు అయితే రోటర్‌ను (స్పూల్ చుట్టూ తిరిగే భాగం) పట్టుకుని హ్యాండిల్‌ను మెల్లగా ఇటూ అటూ ఊపండి, గేర్ల మధ్య వదులు తెలుస్తుంది. బెయిల్‌ను (దారాన్ని పట్టి స్పూల్ మీదికి చుట్టే తీగ) మూసి చూడండి, ఒక్క దెబ్బకు పడాలి. డ్రాగ్ కొంచెం బిగించి స్పూల్‌ను చేత్తో తిప్పితే కుదుపు లేకుండా కదలాలి. ట్రోలింగ్ రీలులో లివరు ఫ్రీలో స్పూల్ చాలాసేపు తిరగాలి, క్లిక్కర్ గట్టిగా మోగాలి. రాడ్డు హోల్డర్లో ఉన్నప్పుడు చేప కొట్టిందని చెప్పేది అదే కాబట్టి సన్నగా మోగే క్లిక్కర్‌ను నమ్మలేం. చేపతో పోరాడేటప్పుడు మాత్రం దాన్ని ఆపేయాలి, లేకపోతే అది అరిగిపోతుంది.

పాత రీలైతే స్పూల్ తీసి లోపలి షాఫ్టు చూడండి. ఎర్రటి మరకలు, తెల్లని పొడి కనిపిస్తే ధర ఎంత తక్కువైనా వదిలేయండి. పైనంతా గీతలు పడి, లోపల శుభ్రంగా గ్రీజుతో ఉన్నది మంచి సరుకు, దాన్ని యజమాని విప్పి చూసుకునేవాడన్నమాట.

ఇక చివరగా, రీలు కొన్న రోజే డ్రాగ్ వాషర్ల సెట్టు ఒకటి, లైన్ రోలర్ బేరింగు, బెయిల్ స్ప్రింగు కూడా కొని పెట్టుకోండి. మొత్తం కలిపి రీలు ధరలో కొద్ది భాగమే అవుతుంది. వాటితోపాటు ఆ మోడల్ విడిభాగాల బొమ్మను కంపెనీ సైటు నుంచి దింపుకుని అచ్చు తీసి డబ్బాలోనే ఉంచండి. విప్పేటప్పుడు ఒక్కో ముక్కనూ విప్పిన వరసలోనే పాత గుడ్డ మీద పేర్చి, ఒక్కో దశకూ ఫోనుతో ఫోటో తీసుకోండి. డ్రాగ్ వాషర్ల దొంతరలో లోహపుదీ కార్బన్‌దీ వరస తారుమారైతే కొత్త సెట్టు వేసినా డ్రాగ్ పట్టదు.